చెక్ ట్రే మీద కెమెరా: రొయ్యల చెరువులో ఏఐతో నా అనుభవం

రొయ్యల సాగులో అసలు కష్టం, మనం పెంచే ప్రాణి మన కంటికి కనపడకపోవడం. కోళ్ల షెడ్డులోకి అడుగుపెడితే ఏ కోడి నలతగా ఉందో తెలిసిపోతుంది. చెరువులో నీళ్లు మంచి రంగులో ఉన్నాయంటేనే మూరెడు లోతు దాటి ఏమీ కనపడదని అర్థం. మేం పెంచే వెనామీ రకం రొయ్యకు అనువైనదని చెప్పే నీటి పారదర్శకత 30 నుంచి 40 సెంటీమీటర్లు. ఆ కింద లక్షల పిల్లలు ఏం తింటున్నాయో, ఎలా ఎదుగుతున్నాయో మనకు తెలిపే ఆనవాళ్లు రెండే: మేత వేశాక ఎత్తి చూసే చెక్ ట్రే, అప్పుడప్పుడూ విసిరే వల. ట్రేలో మేత మిగిలిందా, పేగు నిండుగా ఉందా, దాని రంగేమిటి, గుల్ల గట్టిగా ఉందా అని చూసి, తర్వాతి పూట మేత పెంచాలో తగ్గించాలో తేల్చుకోవాలి. సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే. తక్కువ వేస్తే ఎదుగుదల ఆగిపోతుంది. ఎక్కువ వేస్తే అడుగున కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది.

ఈ చూపుకు తోడుగా కెమెరాను, ఏఐని తెచ్చుకునే పని మేం మొదలుపెట్టి కొన్ని పంటలైంది. ఫోటోలు తీసింది మేమే, వాటి మీద గుర్తులు పెట్టింది మేమే. ఆ ఫోటోలు చూసి నేర్చుకునే ఏఐ ప్రోగ్రాముకు, అంటే మోడల్‌కు, శిక్షణ ఇచ్చింది కంప్యూటర్ సైన్స్ చదివిన మా మేనల్లుడు. ఇలాంటి ప్రయత్నం చేద్దామనుకునేవాళ్లకు పనికొస్తుందని మా పని ఎలా సాగిందో రాస్తున్నాను.

మాకు మొదట కావలసింది జబ్బులు కనిపెట్టే యంత్రం అని చాలామంది అనుకుంటారు. మా అవసరం అంతకంటే చిన్నది. ట్రేలు చూసే బాబాయికి ఈ పనిలో చాలా ఏళ్ల అనుభవం. ఆయన ట్రే ఎత్తి ఒక్క చూపు చూసి "ఈ చెరువు రెండు రోజులుగా కొంచెం డల్‌గా ఉంది" అంటాడు. ఆ మాట చాలాసార్లు నిజమవుతుంది. కానీ పుస్తకంలో ఎక్కేది మాత్రం "మేత: కొంచెం మిగిలింది" అనే ముక్కే. ఆయన ఏం చూసి ఆ మాట అన్నాడో ఎక్కడా నిలవదు. ఆయన సెలవులో ఉంటే ఇంకొకరు చూస్తారు, వాళ్ల 'కొంచెం' వేరు. పోయిన వారం ఇదే ట్రే ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు లేదు. ఆ చూపును రోజూ ఒకే కొలతతో నిలబెట్టుకోవాలన్నదే మా కోరిక.

నమ్మకం ఇచ్చిన సంగతి ఒకటి ఉంది. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థలో తయారైన ఇమేజింగ్ ఫ్లోసైటోబాట్ అనే పరికరం సముద్రపు నీటిని పీల్చుకుంటూ, అందులోని సూక్ష్మజీవులను ఒక్కొక్కటిగా ఫోటో తీస్తుంది, సాఫ్ట్‌వేర్ వాటిని జాతుల వారీగా వేరు చేస్తుంది. 2008లో టెక్సాస్ తీరంలో పోర్ట్ అరాన్సస్ దగ్గర పెట్టిన ఆ పరికరం డైనోఫైసిస్ అనే శైవలం ఒక్కసారిగా పెరగడాన్ని పట్టుకుంది. ఆ శైవలం తిన్న ఆల్చిప్పలను మనుషులు తింటే విరేచనాలు పట్టుకుంటాయి. అధికారులు ఆల్చిప్పల పట్టుబడిని ఆపేశారు, ఎవరూ జబ్బు పడకముందే ప్రమాదం తప్పింది. అక్కడ గెలిపించింది విడవకుండా చూడటమే. వారానికోసారి నమూనా తీసే మనిషి ఎంత నిపుణుడైనా మధ్య రోజుల్లో జరిగేది చూడలేడు. చెరువు గట్టు మీద నిలబడే మాకు ఆ సంగతి బాగా అర్థమయ్యే విషయం.

నీటి అడుగున కెమెరా పెట్టాలన్న ఆలోచనను ముందే వదిలేశాం. ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) బాగా ఉన్న చెరువులో లెన్స్ ముందు జానెడు మించి స్పష్టంగా కనపడదు. పైగా ఉప్పునీటిలో అద్దానికి నాచు, జిగురు త్వరగా పట్టేస్తాయి. రొయ్యలు మేత కొరికే శబ్దం విని ఆటోఫీడర్లను నడిపే పద్ధతి ఒకటి వచ్చింది, మురికి నీటికి అది తెలివైన దారి. మాకైతే పేగు రంగు, సైజు కావాలి, అవి శబ్దంలో తెలియవు. అందుకే ట్రేను పైకి తీసి, అందులోని రొయ్యల్లో కొన్నింటిని తెల్లటి టబ్బులోకి మార్చి, పైనుంచి ఫోటో తీయడం అని నిర్ణయించుకున్నాం.

ఇక ఫోటో. ఈ పనిలో అత్యంత శ్రమ, అత్యంత ఫలం రెండూ ఇక్కడే ఉన్నాయి. మోడల్ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువ, వెలుతురు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. వెనామీ ఒళ్లు సగం పారదర్శకం. ఎండలో తీస్తే గుల్ల మీద మెరుపు పడి పేగు గీత మాయమవుతుంది. నీడలో తీస్తే అంతా నీలం తిరుగుతుంది. సాయంత్రం తీస్తే పసుపెక్కుతుంది. ఫోన్ కెమెరా దానంతట అదే రంగులు సరిదిద్దుకోవడంతో, నిన్న గోధుమ రంగులో ఉన్న పేగు ఇవాళ నల్లగా కనపడుతుంది. చెరువులో మార్పు ఏమీ లేకుండా ఫోటోలో మార్పు వస్తే దాని మీద నిలబడే లెక్కకు విలువేముంది?

అందుకని ఒక పెట్టె చేశాం. నాలుగు పక్కలా మూసి, లోపల ఎల్‌ఈడీ లైట్లు, వాటి ముందు వెలుతురును పలచగా పరిచే తెల్ల షీటు, పైన ఫోన్ పెట్టడానికి ఒక రంధ్రం. లెన్స్ మీద మెరుపు తగ్గించే పోలరైజర్ బిగించాం. ఫోన్‌లో ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ లాక్. టబ్బు అడుగున స్కేలు, పక్కన ఒక బూడిద రంగు కార్డు ప్రతి ఫోటోలో పడాలి. ఆ కార్డు ఫోటోలో ఎంత తేడాగా కనపడితే, మొత్తం ఫోటో రంగును అంత సరిదిద్దుకోవచ్చు. లెన్స్ అంచుల్లో వచ్చే సాగుదలను చదరంగం గడుల షీటు ఫోటోలు తీసి, ఓపెన్‌సీవీ అనే ఫోటోల సాఫ్ట్‌వేర్‌లో లెక్కగట్టి సరిచేశాడు మావాడు.

నీటి మట్టం సంగతి కూడా చెప్పాలి. రొయ్యలను పొడిగా పెడితే ఎగురుతాయి, వంకర్లు పోతాయి. కాస్త నీళ్లుంటే ఒళ్లు చాపుకుని కుదురుగా ఉంటాయి. కానీ నీటి వక్రీభవన గుణకం దాదాపు 1.33. పైనుంచి చూస్తే నీటిలోని వస్తువు ఉన్న లోతులో ముప్పావు వంతులోనే ఉన్నట్టు, అంటే దగ్గరగా, కనపడుతుంది. దగ్గరైతే పెద్దగా కనపడుతుంది. ఒక పూట ఒక అంగుళం నీళ్లు, ఇంకో పూట మూడు అంగుళాలు పోస్తే అదే రొయ్య రెండు సైజులు చూపిస్తుంది. అందుకే టబ్బు లోపల గీత గీసి ఆ గీత వరకే నీళ్లు పోయాలని, స్కేలు కూడా నీళ్లలో మునిగే ఉండాలని పెట్టుకున్నాం. నీళ్లు కొంచెం చల్లగా ఉంటే రొయ్య ఇంకా నెమ్మదిస్తుంది.

ఆ తర్వాత ఫోటోల మీద గుర్తులు పెట్టే పని. ఏఐకి నేర్పాలంటే ఏది రొయ్య, ఏది కాదు అని ముందు మనిషి గీసి చూపించాలి. ఇది బయటివాళ్లకు అప్పగించే పని అని మా మేనల్లుడు మొదట అన్నాడు. నేను బాబాయిని కూర్చోబెట్టాను. ఆ నిర్ణయం వల్లే ఈ పని నిలబడిందని ఇప్పటికీ గట్టిగా నమ్ముతున్నాను.

ఒక ఫోటోలో అడుగున తెల్లగా, కదలకుండా ఉన్నదాన్ని మావాడు 'చచ్చిన రొయ్య' అని గుర్తు పెట్టాడు. బాబాయి స్క్రీన్ దగ్గరికి జరిగి చూశాడు.

"అది చావు కాదు బాబూ, విడిచిన గుల్ల. లోపల ఏమీ లేదు చూడు. కంటి గుడ్డు దగ్గర కూడా డొల్లే."

"తాతా, మరి దీని పక్కనది?"

"అది ఇప్పుడే గుల్ల మార్చింది. మెత్తగా ఉంటుంది, అందుకే అలా అణిగి కూర్చుంది. రెండూ కలిపి చదువుకోవాలి. గుల్లలు ఎక్కువ కనిపించాయంటే ఆ పూట మేత తగ్గుతుంది, కంగారు పడక్కర్లేదు."

గుల్ల మార్చుకునేటప్పుడు రొయ్య తినదు. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ చాలా రొయ్యలు ఒకేసారి గుల్ల మార్చడం రైతులు గమనించే విషయమే. 'విడిచిన గుల్ల' అనే విభాగం లేకపోతే మోడల్ దాన్ని రొయ్యగా లెక్కవేసేది, లేదా చావుల ఖాతాలో కలిపేది. మొదట మేం అనుకున్న విభాగాల జాబితాలో అది లేనే లేదు.

పేగు విషయంలో ఇంకా లోతు ఉంది. మేత బాగా తిన్న రొయ్యకు పేగు మేత రంగులోనే, గోధుమ రంగులో, తలకాయ నుంచి తోక దాకా తెగకుండా గీతలా ఉంటుంది. నల్లగా ఉంటే అడుగు బురదలో ఏరుకుని తింటోందని, మేత చాలడం లేదేమోనని అనుమానించాలి. ఎర్రగా ఉంటే చచ్చిన తోటి రొయ్యలను తింటోందేమో చూడాలి. పాలిపోయి తెల్లగా ఉంటే పేగులో తేడా ఉంది. ముక్కలు ముక్కలుగా ఉంటే తిండి మందగించింది. ఇవన్నీ సాగు చేసేవాళ్లకు తెలిసినవే. అయితే 'నిండు', 'సగం', 'ఖాళీ' మధ్య హద్దు ఎక్కడో ఇద్దరిని అడిగితే రెండు మాటలు చెప్తారు. అవే ఫోటోలను బాబాయికీ, నాకూ విడివిడిగా ఇచ్చి గుర్తులు పెట్టించాడు మావాడు. నిండు, ఖాళీల్లో ఇద్దరం కలిశాం. 'సగం' దగ్గర బాగా విడిపోయాం. అక్కడ పట్టుదలకు పోకుండా, పేగు పొడవులో ఎంత భాగం నిండిందో మోడల్ కొలిచి చెప్పేలా మార్చాం. మనుషులు ఒప్పుకోని చోట యంత్రం నుంచి ఖచ్చితమైన జవాబు ఆశించడం న్యాయం కాదు. ఇద్దరి మాటల మధ్య తేడాను లెక్కలోకి తీసుకోకుండా, మోడల్ ఒక్కదాన్నే ఖచ్చితత్వం అడిగేవాళ్లను చాలామందిని చూశాను.

శిక్షణ భాగం నాకు పూర్తిగా తెలిసిన విద్య కాదు కాబట్టి అర్థమైనంత చెప్తాను. ఫోటోలో రొయ్యలు ఎక్కడున్నాయో పట్టుకోవడానికి 2015లో జోసెఫ్ రెడ్‌మన్ బృందం బయటపెట్టిన యోలో కుటుంబంలోని మోడల్ వాడాం. ఇది ఫోటోను ఒకే చూపులో చదివి ఒక్కో రొయ్య చుట్టూ పెట్టెలు గీస్తుంది, చిన్న కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. రొయ్య ఆకారాన్ని అంచు వెంబడి గీయడానికి, 2023లో మెటా విడుదల చేసిన సెగ్మెంట్ ఎనీథింగ్ అనే మోడల్‌ను సాయంగా తీసుకున్నాం. అది గీసిన అంచును మనిషి సరిదిద్దడం, మొదటి నుంచి చేత్తో గీయడం కంటే చాలా త్వరగా అవుతుంది. మీసాలు దానికి పెద్ద తలనొప్పి. పొడుగాటి మీసాలను ఒంట్లో కలిపేసుకుంటే కొలత పాడవుతుంది, కాబట్టి వాటిని వదిలేయడం నేర్పాలి.

మేనల్లుడు గట్టిగా పట్టుబట్టిన విషయం ఒకటుంది, అది నాకు బాగా నచ్చింది. పరీక్ష కోసం పక్కన పెట్టే ఫోటోలు, శిక్షణలో వాడిన చెరువులవి కాకూడదు. ఒకే ట్రేను వరసగా తీసిన ఫోటోలు దాదాపు ఒకలాగే ఉంటాయి. వాటిలో కొన్ని శిక్షణకు, కొన్ని పరీక్షకు వెళ్తే, ముందే చూసిన ప్రశ్నపత్రం రాసినట్టే, మార్కులు అద్భుతంగా వస్తాయి. కొత్త చెరువుకు వెళ్లగానే పడిపోతాయి. మేం చెరువులవారీగా విడదీసి పరీక్షించాక వచ్చిన మార్కులు తక్కువే అయినా, తర్వాతి పంటలో మోడల్ అంతే నాణ్యత చూపించింది. ఎవరైనా మీకు యాప్ చూపించి ఇంత శాతం ఖచ్చితం అంటే, పరీక్ష ఫోటోలు ఏ చెరువులవని అడగండి. ఇంకో సంగతి: శిక్షణలో ఫోటోలను తిప్పడం, అద్దంలో చూసినట్టు మార్చడం మంచిదే. రంగులను ఇష్టమొచ్చినట్టు మార్చే అలవాటు మాత్రం పేగు చదివే మోడల్‌కు పనికిరాదు, అక్కడ రంగే సమాచారం.

సైజు లెక్కలో గణితం మమ్మల్ని చాలా ఆలోచింపజేసింది. రొయ్య బరువు దాదాపు పొడవు ఘనం మేరకు పెరుగుతుంది. పొడవులో 5 శాతం ఎక్కువ కొలిస్తే బరువులో 16 శాతం దాకా ఎక్కువ వస్తుంది. అంటే నిజంగా 20 గ్రాములున్న 50 కౌంట్ (కిలోకు 50 తూగే) రొయ్య మన లెక్కలో 23 గ్రాములై 43 కౌంట్ అవుతుంది. ఆ లెక్క నమ్మి మేత వేస్తే తప్పు చెరువు మొత్తానికి పాకుతుంది. నీటి మట్టం గీత, మునిగిన స్కేలు గురించి అంతగా చెప్పింది ఇందుకే.

కొలిచే పద్ధతి కూడా ముఖ్యమే. రొయ్య ఎప్పుడూ తిన్నగా ఉండదు. మోడల్ రొయ్య చుట్టూ గీసే పెట్టె కొలతను పొడవు అనుకుంటే వంగినవన్నీ చిన్నవైపోతాయి. ఆకారం మధ్యలోంచి వంపు వెంబడి గీత గీసి దాని పొడవు తీసుకోవాలి. ముక్కు సూది చివర నుంచి కొలిస్తే విరిగిన సూదులు లెక్క పాడుచేస్తాయి. కంటి గూడు వెనక అంచు నుంచి తోక చివర దాకా తీసుకోవడం నిలకడగా ఉంది. ఇంకొకటి, సగటు పొడవు తీసి దానికి బరువు కట్టకూడదు. ఒక్కో రొయ్యకు బరువు కట్టి, ఆ బరువుల సగటు తీయాలి. సైజుల్లో తేడా ఎక్కువున్న చెరువులో ఈ రెంటికీ జవాబులు వేరుగా వస్తాయి. ఫోటో తీసిన రొయ్యలనే ఒక్కొక్కటిగా తూకం వేసి, మా చెరువుల రొయ్యలకు తగ్గ పొడవు–బరువు సంబంధం కట్టుకున్నాం. చాలా ఓపిక కావాల్సిన పని. పుస్తకాల్లోని సూత్రాన్ని నేరుగా వాడితే బక్కపలచగా ఉన్న పంటకు కూడా అది మంచి బరువే చూపిస్తుంది.

ఇవన్నీ సరిగ్గా కుదిరాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. ఫోటోలో ఉన్నవాటి సగటు మనకు తెలిసింది, చెరువులో ఉన్నవాటి సగటు తెలిసిందా? ట్రేకు వచ్చేది ఆకలున్న రొయ్య. గుల్ల మార్చుకునేది, నలతగా ఉన్నది రాదు. పెద్దవి చిన్నవాటిని నెట్టేస్తాయి. వలకు దాని పక్షపాతం దానికుంది: కన్ను పెద్దదైతే చిన్నవి జారిపోతాయి, నీటిలో గాలి కలిపే ఏరేటర్ల దగ్గర విసిరితే ఒక రకం, మూలన విసిరితే ఇంకో రకం. పట్టుబడి రోజు తూకాలతో పోల్చినప్పుడు మా ట్రే సగటు నిజం కంటే పైనే ఉంటోందని తేలింది. ఇప్పుడు ట్రే లెక్కను ఎదుగుదల దిశ చూడటానికే వాడుతున్నాం. కౌంట్ తేల్చుకోవాలంటే వల విసిరి, చెరువులో వేర్వేరు చోట్ల నుంచి తీసిన రొయ్యలను అదే పెట్టెలో ఫోటో తీస్తాం. బతికిన శాతం మాత్రం ట్రే ఫోటో నుంచి రాదు. వస్తుందని చెప్పే మాటను నేను నమ్మను.

ఒక పంటలో జరిగినది ఈ పద్ధతి మీద నాకు గౌరవం పెంచింది. ఒక చెరువులో సగటు బరువు పెరుగుతూనే ఉంది, మేత తింటోంది, చావులు కనపడలేదు. చేత్తో రాసుకునే పుస్తకం అయితే అంతా మంచిదనే చెప్పేది. ఫోటోల లెక్కలో మాత్రం సైజులు వారం వారం విడిపోతున్నాయి: ఒక గుంపు ముందుకు పోతోంది, ఇంకో గుంపు ఆగిపోయింది. గ్రాఫ్‌లో ఒకే గుట్టలా ఉండాల్సింది రెండు గుట్టలైంది. బాబాయికి చూపిస్తే "ట్రేలో చిన్నవి కనపడుతున్నాయి అనుకున్నా గానీ, పెద్దవి కళ్లకు ఆనుతుంటే పట్టించుకోలేదు" అన్నాడు. నమూనాలు ల్యాబ్‌కు పంపితే క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షలో ఈహెచ్‌పీ పాజిటివ్ వచ్చింది. ఈహెచ్‌పీ అనేది 2009లో థాయ్‌లాండ్ శాస్త్రవేత్తలు మొదట వర్ణించిన మైక్రోస్పోరిడియా జాతి పరాన్నజీవి. రొయ్య లివర్‌లో చేరి ఎదుగుదలను తొక్కేస్తుంది, చంపడం తక్కువ. దానికి నమ్మదగిన మందు లేదు. తెలిసినందువల్ల మాకు కలిగిన లాభం, ఎదగని రొయ్యకు మేత పోస్తూ కూర్చోకుండా లెక్క చూసుకుని ముందే పట్టుబడికి వెళ్లడం, ఆ చెరువు ఎండబెట్టి సున్నంతో శుద్ధి చేసే పనికి సమయం దొరకడం.

గమనించండి, మోడల్ ఈహెచ్‌పీ అని చెప్పలేదు. సైజులు విడిపోతున్నాయని చెప్పింది. పిల్ల నాణ్యత, మేత చాలకపోవడం, ఆక్సిజన్ తగ్గడం కూడా అదే బొమ్మ చూపిస్తాయి. పేరు తేల్చింది ల్యాబ్. ఫోటో చూసి జబ్బు పేరు చెప్పే యాప్‌ల గురించి నాకు టెన్షన్ పట్టేది ఇక్కడే. వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బునే తీసుకోండి. గుల్ల మీద తెల్ల మచ్చలు బాగా కనపడే దశకు వచ్చేసరికి వైరస్ చెరువంతా పాకి ఉంటుంది. చావులు మొదలైతే 3 నుంచి 10 రోజుల్లో చెరువు మొత్తం పోయే జబ్బు అది. పైగా బ్యాక్టీరియా వల్ల కూడా అలాంటి మచ్చలే రావచ్చు. మచ్చ లేదని యాప్ చెప్పింది కదా అని ఊరుకున్న రైతు నష్టపోతాడు, మచ్చ ఉందని చెప్పింది కదా అని పచ్చి పంట పట్టేసిన రైతూ నష్టపోవచ్చు. ఫోటో ఇచ్చేది 'ఇక్కడ చూడు' అనే సూచన వరకే. ఆ హద్దు దాటి అమ్మేవాళ్లను నిలదీయాలి.

విబ్రియో అనే బ్యాక్టీరియాను ల్యాబ్ ప్లేట్ల మీద పెంచి, కాలనీలను (చుక్కల్లా పెరిగే గుంపులను) లెక్కపెట్టడం మాత్రం ఏఐకి చక్కగా సరిపోయిన పని. విబ్రియోను పెంచడానికి వాడే టీసీబీఎస్ ప్లేటు మీద చక్కెరను వాడుకునే రకాలు పసుపుగా, వాడుకోనివి ఆకుపచ్చగా వస్తాయి. ప్లేటు కదలదు, వెలుతురు మన చేతిలో ఉంటుంది, చుక్కలు గుండ్రంగా ఉంటాయి. ఒకదానికొకటి అంటుకున్న కాలనీల దగ్గర తప్ప లెక్క మనిషికి దీటుగా వచ్చింది. ఫోటో తీసే గంట మారకూడదు. ఆలస్యమైతే పసుపు చుట్టూ పరుచుకుని రంగులు కలిసిపోతాయి. ఆకుపచ్చ కాలనీ అనగానే ఈఎంఎస్ (పంట తొలి రోజుల్లోనే రొయ్యలను చంపే జబ్బు) అని భయపడేవాళ్లున్నారు. ఆ జబ్బుకు కారణమైన విబ్రియో పారాహీమోలిటికస్ ఆకుపచ్చగానే వస్తుంది, నిజమే, కానీ విషం తయారుచేసే జన్యువులు దానిలో ఉన్నాయో లేదో రంగు చెప్పదు. దానికీ పీసీఆరే కావాలి.

పిల్లల లెక్క గురించి క్లుప్తంగా. హేచరీ నుంచి వచ్చిన పోస్ట్ లార్వాను, అంటే చిన్న రొయ్య పిల్లలను, కింద నుంచి వెలుతురు వచ్చే తెల్ల ట్రేలో పలచగా పోసి ఫోటో తీస్తే, పారదర్శకమైన ఒంటి కంటే నల్లటి కళ్లు స్పష్టంగా దొరుకుతాయి. గుంపుగా ఒకదాని మీద ఒకటి పడితే పెట్టెలు గీసే మోడల్ తడబడుతుంది. అక్కడ ఒక్కోదాన్ని విడిగా వెతకకుండా, ఫోటోలో ఏ భాగం ఎంత ఒత్తుగా ఉందో అంచనా కట్టి కూడే పద్ధతి మెరుగ్గా పనిచేసింది. అంతకంటే మెరుగైనది, నీళ్లు ఇంకొంచెం పోసి పలచన చేయడం. మోడల్‌తో సాధించేదాన్ని మగ్గు నీళ్లతో సాధించగలిగితే నీళ్లే పోయాలి.

రోజువారీ వాడకంలో అడ్డంకులు చాలావరకు తడి, ఉప్పు, చీకటి. ఛార్జింగ్ పిన్నులు తుప్పు పట్టాయి, తెల్ల షీటు మీద ఉప్పు మరకలు పడి వెలుతురు మారింది. బూడిద రంగు కార్డు వాడే కొద్దీ వెలిసిపోతుంది, దాన్నీ మార్చుతుండాలి. గట్టు మీద నెట్ అందదు కాబట్టి మోడల్ ఫోన్‌లోనే నడిచేలా చిన్నది చేసి పెట్టాడు మావాడు. ఫోటో పేరులో చెరువు, తేదీ, పూట, మేత వేసి ఎంతసేపైంది అన్నవి దానంతట అవే పడేలా చేయడం చిన్న పనే అయినా, అది లేకపోతే ఫోటోల కుప్ప దేనికీ పనికిరాదు. మేత కంపెనీ మారినప్పుడు పేగు రంగు కూడా మారింది. కొత్త మేత ముదురు రంగు కావడంతో మోడల్ ఆరోగ్యంగా ఉన్నవాటిని నల్ల పేగు కింద వేయడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి మేత మారిన ప్రతిసారీ కొన్ని కొత్త ఫోటోలకు గుర్తులు పెట్టి మళ్లీ శిక్షణ ఇస్తున్నాం. ఇది ఒకసారి కొనేసి మర్చిపోయే వస్తువు కాదని మొదలుపెట్టేవాళ్లు తెలుసుకోవాలి.

పనివాళ్ల సమయం సంగతి కూడా మాట్లాడాలి. ట్రే చూసే మనిషికి ఇది అదనపు పని. మేం ఫోటో తీయడాన్ని ఆయన పాత పనిలో కలిపి, చేత్తో రాయడం తీసేశాం. సాయంత్రం ఫోన్‌లో వచ్చే పట్టికలో చెరువులవారీగా పేగు నిండిన శాతం, గుల్లల సంఖ్య, సైజుల తీరు ఉంటాయి. మేత నిర్ణయం మాత్రం బాబాయి, నేను కలిసి తీసుకుంటాం. పట్టిక ఒకటి చెప్పి, ఆయన చూపు ఇంకొకటి చెప్తే, ఆ పూట ఇంకో ట్రే ఎత్తుతాం. ఆయన కాదన్న ఫోటోలన్నీ విడిగా ఒక ఫోల్డర్‌లో చేరతాయి, మావాడు తర్వాతి శిక్షణకు ముందుగా తీసేది వాటినే. మోడల్ ఏ మాత్రం మెరుగైనా ఎక్కువగా ఆ ఫోల్డర్ వల్లే. అందుకే ఆయన జీతంలో ఈ పనికి వేరుగా లెక్క కట్టాం. ఒక మనిషి ఏళ్ల తరబడి సంపాదించిన చూపును ఫోటోల్లోకి ఎక్కించుకుని, ఆ మనిషినే పక్కన పెట్టే పద్ధతి ఎక్కడ కనపడినా నాకు ఒప్పుదల కాదు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు నా మాట: మోడల్ గురించి ఇప్పుడే ఆలోచించకండి. పెట్టె చేసుకుని, స్కేలు, బూడిద రంగు కార్డు పెట్టి, ఒకే తీరులో ఒక పంట మొత్తం ఫోటోలు కూడబెట్టండి. పట్టుబడి తూకాలు, ల్యాబ్ రిపోర్టులు, నీటి రీడింగులు ఆ ఫోటోల పక్కన దాచండి. మోడళ్లు ఏటేటా మెరుగవుతాయి, ఉచితంగా దొరికేవి కూడా ఉన్నాయి. గడిచిపోయిన పంట ఫోటోలను మాత్రం తర్వాత ఎవరూ తెచ్చి ఇవ్వలేరు.

ప్రస్తుతం మా పని నర్సరీ ట్యాంకుల మీద నడుస్తోంది. అక్కడ పిల్ల చిన్నది, పేగు గీత సన్నం, ఫోన్ కెమెరా చాలడం లేదు, అందుకని మాక్రో లెన్స్ బిగించి చూస్తున్నాం. లివర్‌లో కొవ్వు చుక్కలను మైక్రోస్కోప్ ఫోటోల్లో లెక్కపెట్టే ప్రయత్నం కూడా పక్కన మొదలైంది. దానికి గుర్తులు పెట్టే వరస బాబాయిది కాదు, ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయిది. ఆమె, మేనల్లుడు కలిసి విభాగాల జాబితా రాస్తున్నారు. 'మసకగా ఉంది, చెప్పలేను' అనే విభాగం కూడా ఉండాలని ఆమె అడిగింది, చేర్చాం.